గిల్టు హారం, నలభై కిలోల బియ్యం

సినిమా సంగతులు రైతుకూలీల పేజీలో దేనికని మిత్రులు అడగొచ్చు. అడగటం న్యాయమే. పైగా ఇక్కడ చెప్పబోయే ఇటలీ సినిమా నిండా దొంగలు, తుపాకులు, దొంగసొత్తు, ఒక పిల్ల మోజు, చివర్లో రెండు చావులూ ఉన్నాయి. అయితే అందులో పెద్ద దొంగతనం జరిగేది బ్యాంకులో కాదు, ధాన్యపు కొట్లో. తుపాకి పట్టుకునే ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో నడుం వంచి వరి మడి కలుపు తీసేవాళ్లు. ఆ సినిమా పేరు ‘రిజో అమారో’. 1949లో వచ్చింది. తీసినవాడు జుసెప్పె డె సాంతిస్, ఇటలీ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు.

‘రిజో’ అంటే ఇటలీ భాషలో బియ్యం. నవ్వు అని కూడా అర్థం ఉంది. ‘అమారో’ అంటే చేదు. చేదు బియ్యం అనుకున్నా సరే, చేదు నవ్వు అనుకున్నా సరే. రెండూ ఆ సినిమాలో ఉన్నాయి.

ఆ రోజుల్లో అమెరికానుంచి నేరకథల సినిమాలు వెల్లువగా వచ్చాయి. చీకటి వీధులు, వానలో మెరిసే రోడ్లు, తల వంచి సిగరెట్టు ముట్టించే మొగవాడు, అతన్ని ముంచే అందగత్తె. ఫ్రెంచి విమర్శకులు 1946లో వాటికి ‘నువార్’ అని పేరు పెట్టారు. నల్ల సినిమా అన్నమాట. ఇటలీ వాళ్లు ఆ మూసను తీసుకుని నగరం వీధుల్లోంచి లాక్కొచ్చి పొలం గట్టుమీద నిలబెట్టారు. చీకటి అక్కడా ఉంది, కాకపోతే అది కూలి చీకటి. ఈ మాట పొగడ్తగా అనటంలేదు. అలా నిలబెట్టటంవల్ల మంచి జరిగిందా చెడు జరిగిందా అన్నదానిమీద ఆ దేశపు వామపక్షంలోనే పెద్ద తగాదా నడిచింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ నేల సంగతి. ఇటలీ ఉత్తరాన పో నది పారే మైదానం ఉంది. అందులో వెర్చెల్లి, నొవారా, పావియా ప్రాంతాలు వరికి పేరు. 1863 నుంచి 1866 వరకు తవ్విన కవూర్ కాలువ, ఎనభై కిలోమీటర్ల పైచిలుకు పొడవున, చివాసో దగ్గర పో నీళ్లు తీసుకుని ఆ మళ్లకు అందిస్తుంది. నీరొచ్చాక వరి పెరిగింది, వరితోపాటు కలుపూ పెరిగింది. ఆ కలుపు తీయటానికి ఏటా మే నెలాఖరునుంచి జూలై మొదటిదాకా, సుమారు నలభై రోజులు, దూరప్రాంతాల ఆడవాళ్లు రైళ్లలో వచ్చేవాళ్లు. ఎమీలియానుంచి, వేనెతోనుంచి, లొంబార్దీనుంచి. వాళ్లను ‘మోందీనె’ అనేవాళ్లు. శుభ్రం చేసేవాళ్లు అని ఆ మాటకు అర్థం. పెళ్లికాని పిల్లలు, చంటిబిడ్డల్ని ఇంట్లో ముసలమ్మలకు వదిలొచ్చిన తల్లులు, టోపీలు కుట్టే పనిచేసి పనిపోయినవాళ్లు, అందరూ ఆ నలభై రోజులకోసం కాచుకునేవాళ్లు. పడక ఎక్కడంటే పెద్ద కొట్టంలో గడ్డిమీద. దోమలు, జలగలు, మలేరియా. తలకు వెడల్పాటి గడ్డిటోపీ, కాళ్లకు పాదాలు లేని మేజోళ్లు. గట్టుమీద మేస్త్రీ.

కూలి కొంత డబ్బు, కొంత గింజలు. రోజుకు ఒక కిలో బియ్యం లెక్క. నలభై రోజులు పూర్తిగా పనిచేస్తే నలభై కిలోలు. వానపడి పని ఆగితే ఆ రోజు డబ్బూ లేదు, గింజా లేదు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, సినిమా అంతా దీనిమీదే నిలబడింది.

వాళ్లు నోరులేనివాళ్లు మాత్రం కాదు. 1906లో వెర్చెల్లి ప్రాంతంలో సమ్మెచేసి ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్నారు. వాళ్ల తరఫున నిలబడ్డ మొదెస్తో కుఞోలియో అనే వకీలు వరిమడి పేరుతోనే ఒక పత్రిక నడిపాడు. ముస్సోలినీ ఏలుబడిలో యూనియన్లు అణిచేశాక కూడా 1927లోనూ, 1931లోనూ కూలి కోతలమీద ఆ మళ్లల్లో సమ్మెలు లేచాయి. ‘బెల్లా చావ్’ పాట మన సభల్లో తెలియనివాళ్లు లేరు. దానికి ఈ కలుపు కూలీల పాఠం కూడా ఒకటుంది. స్వయంగా కలుపుకూలి చేసిన జొవాన్నా దఫీని అనే గాయని దాన్ని పాడింది. ముందు పుట్టింది కూలీల పాటా, పార్టిజాన్ల పాటా అని అక్కడ వాదాలు జరిగాయి. కూలీల పాఠం యుద్ధం తర్వాత కట్టిందేనని చాలామంది తేల్చారు. పాట ఎవరిదైనా నడుం నొప్పి వాళ్లదే.

ఇక కథ.

టూరిన్ రైల్వే స్టేషను. కలుపు కూలీల రైళ్లు బయల్దేరుతున్నాయి. రేడియో మనిషి ఒకడు సూటిగా మనవైపు చూసి మాట్లాడతాడు. చైనాలోలాగా, ఇండియాలోలాగా ఇటలీ ఉత్తరాన కూడా కొన్ని శతాబ్దాలుగా వరి పండిస్తున్నారని, ఈ పనికి ఆడవాళ్ల చేతులే కావాలనీ చెబుతాడు. ఆ గుంపులో పోలీసులు వాల్టర్ అనే దొంగకోసం వెతుకుతున్నారు. పెద్ద హోటల్లో వజ్రాల హారం కొట్టేసి పారిపోతున్నాడు వాడు. వాడికోసం ఆ దొంగతనంలో చెయ్యి కలిపింది పనిమనిషి ఫ్రాంచెస్కా. పోలీసులు దగ్గరపడేసరికి హారం ఆమె చేతిలోపెట్టి కూలీల రైలెక్కించి వాడు తప్పుకుంటాడు. ఆ రైలుపక్కనే గ్రామఫోను పెట్టుకుని అమెరికా డాన్సు చేస్తున్న కలుపుకూలి పిల్ల ఒకతె ఉంది. పేరు సిల్వానా. పోలీసుల కళ్లు కప్పటానికి వాల్టర్ ఆమెతో రెండడుగులు వేస్తాడు. పిల్ల కళ్లల్లో వాడు పడిపోయాడు.

సిల్వానా సంచిలో ఎప్పుడూ బొమ్మల ప్రేమకథల పత్రిక ఉంటుంది. ‘గ్రాండ్ హోటల్’ అనే ఆ పత్రిక నిజంగానే 1946లో మొదలై ఇటలీ పల్లెల్లో తెగ చదివిన పత్రిక. పనిమనిషి మెళ్లో హారం పడటం, పేదపిల్లను షోకిలా మొగవాడు ఎత్తుకుపోవటం, ఆ బాపతు కథలు. కలుపుపాటలో గొంతు కలిపేదీ ఆ పిల్లే, రాత్రి ఆ బొమ్మలు చూస్తూ నిద్రపోయేదీ ఆ పిల్లే. డె సాంతిస్ ఈ పాత్రను వెక్కిరించడు. అదే అతనిలో నాకు నచ్చిన గుణం.

ఫ్రాంచెస్కాకు కాంట్రాక్టు కాగితం లేదు. ఆమెలాగే కాగితం లేనివాళ్లు ఇంకా చాలామంది అక్కడికి చేరారు. పేరున్న కూలీలు, పేరులేని కూలీలు అని రెండు జట్లయ్యాయి. పేరులేనివాళ్లు తమ పని చూపించి ఉద్యోగం నిలబెట్టుకోవాలని రెట్టింపు వేగంతో కలుపు లాగేస్తారు. పేరున్నవాళ్లు ‘మా కూలి కొట్టటానికి వచ్చిన బ్లాక్‌లెగ్గులు మీరు’ అని మండిపడతారు. నోరు విప్పి మాట్లాడితే మేస్త్రీ ఒప్పుకోడు. పాటకు మాత్రం అడ్డంలేదు. అందుకని తిట్లన్నీ పాటలోనే. ఒక వరస పాడితే రెండో వరస బదులు పాడుతుంది, చేతులు మాత్రం ఆగవు. ఆ పాట చివరికి బురదలో జుట్లు పట్టుకునే కొట్లాట అవుతుంది. ఈ ఘట్టం చూస్తుంటే ఇటలీ అన్న సంగతే మరిచిపోతాం. కరువు జిల్లానుంచి ముఠా దిగిన రోజు కాలువకింద ఊళ్లో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

కొట్లాటను రెచ్చగొట్టింది సిల్వానా. ఆమె అప్పటికే ఫ్రాంచెస్కా పక్కలోంచి హారం కొట్టేసింది. ‘కాగితం లేనిది’ అని అరవటంవెనక హారం మోజు ఉంది. వర్గంలో చీలిక తెచ్చేదాని వెనక అంత చిన్న సొంత స్వార్థం దాక్కుని ఉండొచ్చని ఈ సినిమా చూపించింది, అదీ ఏ ఉపన్యాసమూ లేకుండా. ఆఖరుకు రెండు జట్లూ కూడబలుక్కుని, అందర్నీ పనిలో పెట్టుకోవాల్సిందేనని కలిసి అడుగుతాయి. సాధిస్తాయి. నా మటుకు ఇదే సినిమాకు వెన్నెముక. మిగతా నేరకథ అంతా దీనిమీద వేసిన కండ.

తర్వాత వరసగా వానలు. పనిలేదు, గింజలేదు. ఇక లాభంలేదని ఆడవాళ్లు జోరువానలోనే మడిలో దిగుతారు. వాళ్లలో గాబ్రియెల్లా అనే ఆమె కడుపుతో ఉన్న సంగతి దాచిపెట్టింది, తెలిస్తే పని పోతుందని. ఆమె మడిలోనే పడిపోతుంది. నొప్పుల కేకలు పైకి వినబడుతుంటే చుట్టూ ఆడవాళ్లు పాట ఎత్తుకుంటారు. ఆ పాట ఓదార్పో, ఏడుపో చెప్పలేం.

వాల్టర్ అక్కడికి చేరుకుంటాడు. ధాన్యపు కొట్లో దాక్కుంటాడు. రాత్రులు ఆ వడ్ల గుట్టలమీద పడుకుని పడుకుని వాడికి బుర్రలో వెలుగుతుంది, అసలు సొత్తు ఇదేనని. ఎందుకంటే హారం గిల్టుది. ఆ సంగతి వాడికి తెలిసిపోయింది. ఫ్రాంచెస్కాకు చెప్పాడు. సిల్వానాకు మాత్రం చెప్పలేదు, పైగా పెళ్లి కానుకంటూ ఆమె మెళ్లోనే వేశాడు. ఇక మిగిలింది ఆమెతో పని చేయించుకోవటం. ఆఖరురోజు పండగలో అందరూ ఉండగా లారీల్లో బియ్యం ఎత్తుకుపోవాలి. జనం దృష్టి మళ్లించటానికి తూములు ఎత్తేసి పొలాలమీద నీళ్లు వదలాలి. ఆ పని సిల్వానా చేస్తుంది. ఆ రాత్రే ఆమెకు ఆ ఏటి కలుపుకూలీల సుందరి అని కిరీటం పెడతారు.

నేరకథల్లో సొత్తు ఎప్పుడూ డబ్బో నగో అవుతుంది. చూసేవాడు దాన్ని ఎవరు ఎగరేసుకుపోతారా అని సరదాగా చూస్తాడు. ఇక్కడ సొత్తు ఆడవాళ్ల కూలిగింజలు. వాటిని ఎత్తుకుపోతుంటే చూసేవాడికి సరదా రాదు. హారం అసలుదా నకిలీదా అన్న గుట్టుమీద కథ నడుపుతూ, తెలియకుండా మన కళ్లను కొట్లోని బియ్యంమీదికి తిప్పుతాడు డె సాంతిస్. వట్టి నేరకథ తీసేవాడికి ఇది చేతకాదు, వట్టి ప్రచారచిత్రం తీసేవాడికీ చేతకాదు.

చివరి పోరు మాంసం కొట్లో, కొక్కేలకు వేలాడే పశువుల కళేబరాలమధ్య. మొగవాళ్లిద్దరూ, వాల్టరూ, ఫ్రాంచెస్కాకు తోడు నిలబడ్డ సార్జంటు మార్కో, దెబ్బలు తిని కూలబడతారు. తుపాకులు ఆడవాళ్ల చేతుల్లో ఉంటాయి. హారం గిల్టుదని ఫ్రాంచెస్కా చెబుతుంది. సిల్వానా తుపాకి వాల్టర్‌వైపు తిరుగుతుంది. వాణ్ణి కాల్చి, బయటికి నడిచి, పండగకు కట్టిన మంచె ఎక్కి దూకేస్తుంది. ఊళ్లకు పోవటానికి మూటలు కట్టుకున్న కూలీలు ఒక్కొక్కరే వచ్చి, తమ నలభై కిలోల్లోంచి గుప్పెడు బియ్యం తీసి ఆమె శవంమీద చల్లి వెళ్తారు.

సినిమా లోకమంతా తిరిగింది. 1949లో కాన్ ఉత్సవంలో చూపించారు. కథకు ఆస్కార్ ప్రతిపాదన కూడా దక్కింది. కాని గోడలమీద అంటించిన బొమ్మ ఒక్కటే. పొట్టి నిక్కరు వేసుకుని, తొడలదాకా చించిన నల్లమేజోళ్లతో, నీళ్లలో నిలబడ్డ సిల్వానా. ఆ వేషం వేసిన సిల్వానా మంగానోకు అప్పటికి పద్ధెనిమిదేళ్లు. 1946లో రోము సుందరిగా ఎన్నికైన పిల్ల. మొదట బాగా ముస్తాబై వస్తే డె సాంతిస్ వద్దన్నాడని, తర్వాత ఒకరోజు వానలో తడిసి, ముఖాన రంగు లేకుండా నడిచిపోతుంటే చూసి ఈ పిల్లే అన్నాడనీ చెబుతారు. ఏదైతేనేం, జనం వచ్చింది ఆ తొడలు చూడటానికే అన్నవాళ్లు ఉన్నారు. కాథలిక్కు చర్చి సంస్థలు తమ సభ్యులు చూడరాదన్నాయి. అది మనం ఊహించేదే. బాధ కలిగించింది మరొకటి. సొంత పార్టీ పత్రికల్లోనే విమర్శ వచ్చింది. పోరాడే కలుపుకూలీని చూపించకుండా, బూగీ డాన్సులాడే, మోసగాడి మోజులో పడే పిల్లను చూపించావేమిటి? అమెరికా సినిమా మత్తును తిడుతూ ఆ మత్తునే అమ్మావు గదా? ఇదీ ఆరోపణ.

ఇందులో సగం నిజం ఉంది. కెమెరా ఆ పిల్ల కాళ్లదగ్గర అవసరానికి మించి ఆగుతుంది. కాదనలేం. నిర్మాత డీనో డె లౌరెంతీస్ వ్యాపారం ఎరిగినవాడు. సినిమా అయ్యాక ఆ కథానాయికనే పెళ్లాడాడు కూడా. కాని రెండో సగం నేను ఒప్పుకోను. కూలిపిల్లకు మోజు ఉండకూడదా? మోసపోయే హక్కు కామందు కూతురికేనా? సమ్మెలో ముందు నిలబడ్డ మనిషే రాత్రి టూరింగు టాకీసులో బెంచీమీద కూర్చుని ఆటకత్తె నగలు చూసి నోరు తెరుస్తుంది. ఆ నోరు తెరవటం అబద్ధమని రాస్తే మనల్ని ఎవరు నమ్ముతారు? డె సాంతిస్ దాన్ని దాచలేదు, దానికి చెల్లించే ధర చూపించాడు.

అతనికి ఇది మొదటి ప్రయత్నం కాదు. యుద్ధం నడుస్తుండగానే, 1943లో, లుకీనో విస్కోంతి తీసిన ‘ఒసెస్సియోనె’కు రచనలోనూ చేయి కలిపాడు, సహాయ దర్శకుడుగానూ పనిచేశాడు. అదీ పో మైదానంలోదే. రోడ్డుపక్క పూటకూళ్ల ఇల్లు, ముసలి మొగుడు, వయసులో ఉన్న పెళ్లాం, దారినపోయే పనివాడు, ప్రమాదంలా కనిపించే హత్య. జేమ్స్ కెయిన్ అనే అమెరికన్ రాసిన నవలే మూలం. ఫాసిస్టులు దేశాన్ని తెల్లగా మెరిసే టెలిఫోన్లున్న మేడల్లో చూపించుకుంటున్న రోజుల్లో ఈ సినిమా చెమట, దుమ్ము, ఆకలి, కామం చూపించింది. రచయితల్లో ఒకడైన మారియో అలికాతా కమ్యూనిస్టు, సినిమా పూర్తికాకముందే జైలుకు పోయాడు. సినిమా అసలు నెగటివు నాశనమైంది. విస్కోంతి దాచిన ఒక ప్రతివల్ల బతికింది. హత్యాకథకు ఇంత భయం దేనికంటే, అందులో హంతకులకంటే ఎక్కువగా భయపెట్టేది వాళ్లు బతికే తీరు.

తర్వాత 1947లో డె సాంతిస్ సొంతంగా తీసిన మొదటి కథాచిత్రం ‘కాచ్చా త్రాజిక’. పార్టిజాన్ల సంఘమే డబ్బు పెట్టింది. రైతుల సహకార సంఘం సొమ్ము నలభై లక్షల లీర్లు బందిపోట్లు దోచుకుపోతారు. రైతులే వేటాడి పట్టుకుంటారు. దొంగల్లో ఒకడు యుద్ధంలో చెరసాలపాలై, తిరిగొచ్చి పనిలేక దారి తప్పినవాడు. రైతులు వాణ్ణి మధ్యలో నిలబెట్టి విచారించి, చివరికి వదిలేస్తారు. వెళ్తున్న వాడిమీదికి మట్టిబెడ్డలు విసురుతారు, సరదాగా, మనవాడివే పో అన్నట్టు. అక్కడ మట్టిబెడ్డ, ఇక్కడ గుప్పెడు బియ్యం.

ఆ మళ్లల్లో ఇప్పుడు మోందీనెలు లేరు. 1950లు, 60లలో కలుపుమందులూ యంత్రాలూ వచ్చి వాళ్ల రైళ్లు ఆగిపోయాయి. సినిమా తీసిన ‘వెనేరియా’ కమతం వెర్చెల్లి దగ్గర లిఞానా అనే చోటుంది. డె సాంతిస్ 1997లో పోయాడు. మంగానో 1989లోనే పోయింది. ఆ కలుపు వేషం పేరు ఎత్తితే ఆమెకు పెద్దగా ఇష్టముండేది కాదంటారు.

ఈ సినిమాను ఒక ఊళ్లో గోడకు తెల్లబట్ట కట్టి వేసినప్పుడు నేను ఆడవాళ్లమధ్య కూర్చున్నాను. మాటలు అర్థంకావు గనక కథ మధ్యమధ్య మనం చెప్పాలి. మొదట్లోనే ఒకావిడ, అరవై ఏళ్లుంటాయి, పట్టేసింది. ‘‘ఏం బాబూ, కలుపన్నావు, వాళ్లు నాటేస్తుంటే!’’ నిజమే, ఆ కూలీలు నాట్లూ వేసేవాళ్లు, కలుపూ తీసేవాళ్లు, రెండూ తెరమీద ఉన్నాయి. గట్టుమీద మేస్త్రీ కనబడగానే నవ్వులు. వీడిక్కడా ఉన్నాడే అని. గాబ్రియెల్లా పడిపోయినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. సిల్వానా తూము ఎత్తగానే మాత్రం ఒక్కసారిగా లేచారు. ‘‘ఓసి నీ చేతులు పడిపోను, పండే చేనే అది!’’

చివర బియ్యం చల్లే చోట నా పక్కనున్న పడుచుపిల్ల గొణిగింది, ‘‘నేనైతే ఒక్క గింజ కూడా వెయ్యను. మా కష్టం దొంగలకి పట్టించి చచ్చింది, దానికి బియ్యమా.’’

పెద్దావిడ వెంటనే అనలేదు. రీలు అయిపోయి బల్బు వేశాక, చాప చుట్టుకుంటూ అంది. ‘‘వేస్తావే. దాంతో నలభై రోజులు ఒకే వరసలో వంగున్నాక, వేస్తావు.’’

పిల్ల ఒప్పుకోలేదు. ఇద్దరూ అలాగే వాదించుకుంటూ చీకట్లో ఇళ్లకు పోయారు.